యాభై అయిదు – యాభై ఎనిమిది



డిసెంబరు 17 ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుడిని కాను, న్యాయవాదిని అంతకన్నా కాను. 1973లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి 2008లో దిగిపోయిన గుమాస్తాని. అయితే ముప్పై అయిదేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు కాగితాల మధ్య కూర్చున్నవాడికి ఒక సంగతి తెలుస్తుంది. ప్రభుత్వం చేసిన పని సరిగా ఉందా లేదా అని అడిగే హక్కు కోర్టుకి ఉండబట్టి మన జీతాలూ పెన్షన్లూ ఈ మాత్రం నిలిచాయి. ఆ హక్కు మన దాకా ఎలా వచ్చిందో నాకు తెలిసినంత మేరకు రాస్తాను. అందులో నా సొంత విషయం కూడా ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ముందు పాత సంగతి. ఇవాళ ఎవరికి అన్యాయం జరిగినా ‘రిట్టు వేస్తాను’ అంటారు. మా తాతల కాలంలో కోనసీమ రైతుకి ఆ మాట అనే వీలు లేదు. అప్పుడు మనది మద్రాసు రాజధాని. పర్లాకిమిడి జమీందారీలో కొన్ని గ్రామాల రైతులు శిస్తు పెంచారని మద్రాసులోని రెవిన్యూ బోర్డు దాకా పోరాడారు. బోర్డు ఉత్తర్వును రద్దు చేయమని మద్రాసు హైకోర్టుకి వెళ్ళారు. వ్యవహారం లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకూ వెళ్ళింది. 1943లో వారు చెప్పినదేమంటే, అలాంటి రిట్టు ఇచ్చే అధికారం మద్రాసు హైకోర్టుకి మద్రాసు పట్నం వరకే ఉంది, మఫిసలు రైతుకి వర్తించదు అని. బోర్డు ఆఫీసు పట్నంలో ఉంటే చాలదట, భూమి కూడా పట్నంలో ఉండాలట. పట్నంలో వరి ఎక్కడ పండుతుందని ఆ దొరలను అడిగినవాడు లేడు!

1950లో రాజ్యాంగం వచ్చి, 226వ అధికరణం కింద రాష్ట్రమంతటికీ హైకోర్టు రిట్టు వర్తించింది. అమలాపురం వాడికీ, రాజోలు వాడికీ, మద్రాసు జార్జిటౌను వాడికీ ఒకటే తలుపు. 1954లో ఆ తలుపు గుంటూరుకి వచ్చింది, 1956లో హైదరాబాదుకి పోయింది. గుంటూరు హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. వారు 1958 జనవరిలో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అదే సంవత్సరం మన ఆంధ్రా కేసే ఒకటి వారి ముందుకి వచ్చింది. గుమాస్తా అన్నవాడు తెలుసుకోవలసిన మొదటి కేసు అదే అని నా అభిప్రాయం.

కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తీసేసి ఆర్.టి.సి. బస్సులు వేయాలని ప్రభుత్వం పథకం తయారుచేసింది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు, మరికొందరు బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని విన్నది రవాణా శాఖ చూసే సెక్రటరీ. విని, నోటు రాసి పైకి పంపారు. పథకం మంజూరు చేసింది ముఖ్యమంత్రి. సుబ్బారావు గారు 1958 నవంబరు తీర్పులో దీనిని పట్టుకున్నారు. విన్నవాడొకడు, తేల్చినవాడొకడు అయితే ఇక వినడానికి అర్థమేమిటి? అది ఉత్తి లాంఛనం అన్నారు. పైగా ఆ సెక్రటరీ ఏ శాఖ పథకం పెట్టిందో ఆ శాఖకే అధిపతి. తన పథకానికి తానే తీర్పరి కారాదు అన్నారు. అయిదుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు గాని, ముగ్గురి మాటే నిలిచింది, పథకం కొట్టుడుపోయింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. మళ్ళీ కేసు వేస్తే 1959లో సుప్రీంకోర్టు, మంత్రి వినడంలో తప్పు లేదంది.

ఈ కేసు కచేరీ పనికి ఎంత దగ్గరో చూడండి. మనం ఎన్ని ఎంక్వయిరీల్లో ఇలా చేయలేదు? స్టేట్‌మెంటు రికార్డు చేసేది ఒకరు, నోటు పుటప్ చేసేది ఇంకొకరు, చదవకుండా సంతకం పెట్టేది మరొకరు. ఫైలు మీద అందరూ ఉంటారు, విన్నవాడు మాత్రం ఉండడు.

బస్సుల కథ అంతటితో అయిపోలేదు. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయకరణ మీద మరో కేసు వచ్చింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ తీయడానికే ఆ ప్రాంతం ఎంచుకున్నారని ఆరోపణ. 1964లో సుప్రీంకోర్టు ఒక్క విషయం గమనించింది. ఆరోపణ ఎవరి మీద ఉందో వారు స్వయంగా అఫిడవిట్టు వేసి కాదనలేదు. వేరేవారు కాదంటే సరిపోదు. కనుక ఆరోపణ నిలిచినట్టే అంది. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత వారు రాష్ట్రపతి కూడా అయ్యారనుకోండి. నేను సర్వీసులో చేరాక కౌంటరు డ్రాఫ్టు చేసినప్పుడల్లా, ఇది ఎవరు చెప్పవలసిన మాట, ఎవరు సంతకం పెడుతున్నారు అని ఒకసారి చూసుకునేవాడిని. ఇది నేర్పింది ఈ వ్యాసంలో ముందు చెప్పబోయే పెద్దాయనే.

ఆయన పేరు రాయను. ఏ కచేరీయో కూడా చెప్పను. కోనసీమలో ఒక తాలూకా కచేరీ అనుకోండి. నేను ఎల్.డి.సి.ని, ఆయన నా పై సీటులో యు.డి.సి. గురువుగారూ అని పిలిచేవాడిని. సర్వీసు రూల్సు నోటికి వచ్చు. పాత కేసులు చెప్పమంటే భోజనం మాట మరిచిపోయేవారు. అభ్యంతరం వింటే చెవితో వినాలిరా అబ్బాయ్, కలంతో కాదు అనేవారు.

1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న జి.ఓ. వచ్చింది. ఉద్యోగ విరమణ వయస్సు 58 నుంచి 55కి తగ్గింది. అప్పటికే 55 నిండిన వారందరూ ఆ నెల 28న దిగిపోవాలి. ఇరవై రోజుల గడువు. చదువుకున్న కుర్రవాళ్ళకి ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అంతకు నాలుగేళ్ళ క్రితం, 1979లో, 55ని 58 చేసింది కూడా ప్రభుత్వమే. ఆ భరోసా మీద పిల్లల పెళ్ళిళ్ళు, ఇంటి అప్పులు లెక్క వేసుకున్నవాళ్ళు ఎంతమందో. రాష్ట్రం మొత్తం మీద 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు, 10,000 మంది ప్రభుత్వ రంగ సంస్థలవారు ఒక్క దెబ్బతో ఇంటికి వెళ్ళారు.

మా గురువుగారికి ఆ జనవరిలోనే 55 నిండాయి. ఎస్టాబ్లిష్‌మెంటు సీటు నాది. కనుక రిలీవింగ్ ఆర్డరు డ్రాఫ్టు చేసింది నేనే. సర్వీసు రిజిస్టరులో ‘28-2-1983 అపరాహ్నం వయోపరిమితి మీద విరమణ’ అని ఎంట్రీ రాసింది నేనే. ఆయన పక్కన నిలబడి, తారీఖు స్పష్టంగా వెయ్యవయ్యా, పెన్షను లెక్క దాని మీదే వస్తుంది అన్నారు. నాకు చెయ్యి వణికింది. ఆయన ఆ రోజు సాయంత్రం గొడుగు, టిఫిను క్యారియరు తీసుకుని వెళ్ళిపోయారు. దండలూ లేవు, సభా లేదు. ఒకే రోజు అంతమంది దిగిపోతుంటే ఎవరికని చేస్తారు?

ఇప్పుడు నా విషయం. ఆ ఖాళీలో నాకు యు.డి.సి. ప్రమోషన్ వచ్చింది. ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. నాకప్పుడు ముప్పై మూడో ఏడు, ఇద్దరు చిన్న పిల్లలు. ఇంటి దగ్గర స్వీట్లు పంచాం. సంతోషించానా అంటే సంతోషించాను, అబద్ధం చెప్పను. ఊళ్ళో సంఘం మీటింగులో జి.ఓ. రద్దు చేయాలని తీర్మానం చేస్తే చెయ్యెత్తాను. ఇంటికి వచ్చి రద్దు కాకపోతే బాగుండును అనుకున్నాను. నా వంటి వాళ్ళు ప్రతి కచేరీలోనూ ఉన్నారు. పైకి ఎవరం చెప్పుకోలేదు, అంతే.

కేసులు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. కె. నాగరాజ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని దాని పేరు. 1985 జనవరి 18న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు తీర్పు చెప్పారు. ప్రభుత్వమే గెలిచింది. ఎన్నేళ్ళకు విరమణ అన్నది విధానానికి సంబంధించినది, 55 అన్నది అసంబద్ధమైన వయస్సు కాదు, పదవి చేపట్టిన నెలలోపే నిర్ణయం తీసుకున్నారు గనుక అది నిరంకుశం అనడానికి వీల్లేదు అని సారాంశం. ఆ రోజుల్లో చాలామంది కోర్టును తిట్టుకున్నారు. సైకిలు తొక్కుకుంటూ కచేరీ వైపు వచ్చిన మా గురువుగారు మాత్రం తిట్టలేదు. టీ తాగుతూ అన్నారు: “తీర్పు సరిగ్గానే ఉందయ్యా. సర్కారు విధానం కోర్టు రాయదు. రాస్తే రేపు జమాబందీ కూడా జడ్జీగారే చెయ్యాలి.” ఓడినవాడు ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

అయితే ఈలోగా ఇంకొకటి జరిగింది. 1984 ఆగస్టు 16న రామారావు గారి ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. నెల్లాళ్ళకి మళ్ళీ రామారావు గారే వచ్చారు. ఈ గందరగోళంలో ఆగస్టు 23 నుంచి విరమణ వయస్సు మళ్ళీ 58 అయింది. తర్వాత ఆర్డినెన్సు, ఆ పైన 1985లో చట్టం. ఆ చట్టంలో మెలిక ఏమంటే, 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ మధ్య 55 ఏళ్ళకే దిగిపోయినవారికి ఇది వర్తించదు.

లెక్క వేసి చూడండి. 1929 జూలైలో పుట్టినవాడు 1984 జూలై ఆఖరున ఇంటికి వెళ్ళాడు. ఆగస్టులో పుట్టినవాడు ఆగస్టు ఆఖరు దాకా ఉన్నాడు గనుక ఇంకో మూడేళ్ళు ఉంటాడు. పుట్టుకలో ఒక నెల తేడా, ఉద్యోగంలో మూడేళ్ళ తేడా.

దీని మీద బి. ప్రభాకరరావు కేసు. 1985 ఆగస్టు 19న తీర్పు చెప్పింది జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి గారు, మన తెలుగువారే. వయస్సు 55 పెట్టుకోవచ్చు, 58 పెట్టుకోవచ్చు. కాని 58 న్యాయమని మీరే ఒప్పుకుని మళ్ళీ తెచ్చినప్పుడు, మధ్యలో దెబ్బ తిన్నవారినే విడదీసి బయట నిలబెట్టడం సమానత్వం కాదు అన్నారు. 1985 అక్టోబరు 31 లోపు 58 నిండనివారిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. అప్పటికి 58 నిండిపోయేవారికి, వారు ఉద్యోగంలోనే ఉంటే ఎంత వచ్చేదో లెక్క కట్టి, అందిన పెన్షను వగైరా మినహాయించి మిగతాది ఇమ్మన్నారు.

ఇక్కడే డిసెంబరు 17 గురించి చెప్పాలి. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, హక్కు అని 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. కేంద్రం పెన్షను లెక్కను మెరుగుపరిచి 1979 మార్చి 31 నాటికీ ఆ తర్వాతా దిగినవారికే అంది. ముందు దిగినవారేం పాపం చేశారు, పెన్షనర్లందరూ ఒకే తరగతి, మధ్యలో తారీఖు పెట్టి కోయకూడదు అంది కోర్టు. తీర్పు రాసినది జస్టిస్ డి.ఎ. దేశాయ్. ఆ అయిదుగురిలో చిన్నపరెడ్డి గారూ ఒకరు. నకారాలో తారీఖు కోసినది పెన్షనర్లను, ప్రభాకరరావులో కోసినది ఉద్యోగులను. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే చెయ్యి కనిపిస్తుంది. మనం ఏటా డిసెంబరు 17న దీపం వెలిగించి టిఫిను తిని వచ్చేస్తాం గాని, నకారా తర్వాత మూడేళ్ళు తిరగకుండానే దాని ఫలం మన కచేరీ గుమ్మం ఎక్కిందని మన పిల్లలకి చెప్పం.

పేపరులో తీర్పు చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గురువుగారికి 58 నిండేది 1986 జనవరి. అంటే ఆయన తిరిగి వస్తారు. నేను ఎక్కడికి పోతాను?

దేవుడి దయవలన, లేక రామారావు గారి దయవలన అనాలో, ఆ మే నెలలోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. సీట్లు చిందరవందర అయ్యాయి. కొత్తపేట తాలూకాలోంచి చీలిన ఒక మండలానికి నన్ను యు.డి.సి.గానే వేశారు. అక్టోబరులో ఆయనను అక్కడికే పోస్టు చేశారు. బల్లలు కూడా సరిగా లేని అద్దె ఇల్లు అది. గొడుగు, టిఫిను క్యారియరుతో దిగారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను లేచి నా కుర్చీ ఇవ్వబోయాను. “కూర్చోవయ్యా, అది నీకు ఆర్డరు మీద వచ్చింది, ఇది నాకు తీర్పు మీద వచ్చింది” అని స్టూలు లాక్కుని కూర్చున్నారు.

అప్పుడు చెప్పేశాను. గురువుగారూ, మీరు వెళ్ళినప్పుడు నేను సంతోషించాను అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెలుసునయ్యా, మీ ఇంటి స్వీట్లు మా ఇంటికి కూడా వచ్చాయి అన్నారు. ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మా కచేరీలోంచే 1983లో దిగిన ఇంకొకాయన ఉన్నారు. ఆయనకి అప్పటికే 57. కూతురి పెళ్ళికి పది కుంచాల కొబ్బరితోట అమ్మేశారు. తీర్పు వచ్చేనాటికి ఆయన లేరు. నష్టపరిహారం బిల్లు ఆయన భార్యగారి పేర రాశాం. ఆమె వేలిముద్ర వేసి, ఇది దేని డబ్బు బాబూ అని అడిగారు. ఆయన చెయ్యని ఉద్యోగానికి జీతం అమ్మా అన్నాడు మా బిల్లు గుమాస్తా. మాట కటువుగా ఉన్నా నిజమే.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. మన రాష్ట్రంలో ఉద్యోగుల కేసులకు 371-డి అధికరణం కింద ప్రత్యేక ట్రిబ్యునల్ ఒకటి ఉండేది. 1976లో పని మొదలుపెట్టింది. మన కేసులు హైకోర్టునుంచి తీసి దానికిచ్చారు. వినడానికి బాగానే ఉంది గాని, ఆ అధికరణం అయిదో క్లాజులో ఒక వింత ఉంది. ట్రిబ్యునల్ తీర్పును రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలలలోపు మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు! కేసులో ప్రతివాది ఎవరు? ప్రభుత్వమే. తీర్పు నచ్చకపోతే చించేసేది ఎవరు? వారే. రాజమండ్రిలో రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, గెలిచి వచ్చి, ఇంటి దగ్గర మూడు నెలలు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. 1986 డిసెంబరు 20న పి. సాంబమూర్తి కేసులో ప్రధాన న్యాయమూర్తి భగవతి గారు ఈ క్లాజును కొట్టేశారు. రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చినదైనా సరే, ఓడిన పార్టీయే తీర్పు రద్దు చేసుకోవడం చట్టబద్ధ పాలనకి విరుద్ధమన్నారు. పార్లమెంటు రాసినదాన్ని కొట్టేయడం అంటే మామూలు సంగతి కాదు.

ఇంకొకటి మిగిలింది. ట్రిబ్యునల్ తప్పు చేస్తే సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. అటెండరు ఢిల్లీ వెళ్ళగలడా? మన హైకోర్టు ఫుల్ బెంచి 1993లో సకినాల హరినాథ్ కేసులో, హైకోర్టుల అధికారాన్ని తీసేసే వీలు రాజ్యాంగంలో చెల్లదు అంది. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులతో దాదాపు అదే మాట దేశమంతటికీ చెప్పింది. రిట్టు అధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం, ట్రిబ్యునళ్ళ మీద హైకోర్టు ఉండవలసిందే అంది. ఆ తీర్పు వార్త కత్తిరించి దాచుకుందామని ట్రంకుపెట్టె తెరిస్తే పాత కటింగులన్నీ అట్ట కట్టుకుపోయి ఉన్నాయి. అంతకు ముందు నవంబరులో వచ్చిన తుపానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి పెట్టెలోకి నీళ్ళు దిగాయి. ప్రభాకరరావు కేసు కటింగు ఒక్కటే ఎందుచేతనో పొడిగా మిగిలింది.

ఆ ట్రిబ్యునల్ కూడా ఇప్పుడు లేదు. తెలంగాణకి సంబంధించి 2016లో, మన రాష్ట్రానికి 2019 ఆఖరులో ఎత్తేశారు. కేసులు హైకోర్టుకి వెళ్ళాయి. ఎత్తివేత మంచిదా చెడ్డదా అంటే నా వరకు మంచిదే. చిన్న ఉద్యోగికి తలుపులు రెండు ఉండడం కంటే ఒకటే ఉండి అది తెరుచుకోవడం మేలు. కాదనే మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు, వచ్చే సంచికలో రాయవచ్చు.

విరమణ వయస్సు మన రాష్ట్రంలో 2014లో 60, 2022 జనవరి నుంచి 62 అయింది. నేను 58కే దిగినవాడిని. ఏ కేసూ వేయలేదు, వేయవలసిన అవసరమూ లేకపోయింది.

గురువుగారు 1986 జనవరి 31న రెండోసారి దిగిపోయారు. ఈసారి దండలు వేశాం, పూతరేకులు తెప్పించాం. ఆ సాయంత్రం సర్వీసు రిజిస్టరు నేనే తీశాను. పాత ఎంట్రీ ఎర్రసిరాతో కొట్టేసి ఉంది, పక్కన అధికారి పొట్టి సంతకం. దాని కింద ‘సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి పునర్నియామకం’. దాని కింద ఆ రోజు ఎంట్రీ వేశాను. ఆయన పక్కన నిలబడి మూడూ చదువుకున్నారు. మూడూ నా దస్తూరీయే. ఈసారి తారీఖు స్పష్టంగా వెయ్యమని ఆయన చెప్పలేదు.